అత్తమ్మ కరెంటు పొయ్యి

"మమ్మీ, నానమ్మ హీటరు ఉన్నదా, పాతసామాను ఆయనకు ఇచ్చేసిన్రా?"

పోయిన నెల మానుకోట నుంచి ఫోను చేసి మా బిడ్డ అడిగిన మొదటి మాట ఇది. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ మా నోళ్ళకు అది మానుకోటే. అక్కడ నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టలు తిండి పడక ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి గది తీసుకుంది. మూడో అంతస్తు. గ్యాసు బండ పైకి తేవద్దని ఇంటివాళ్ళు ముందే చెప్పారట. అందుకని నానమ్మ హీటరు గుర్తొచ్చింది.

"ఎందుకు బిడ్డా?" అని అడిగాను గానీ నా గొంతు నాకే తేడాగా వినిపించింది. "కరెంటు కుక్కరు పంపిస్తా, అన్నం అందులో వండుకో. హీటరు వద్దు."

"అన్నం ఒక్కటే తింటమా మమ్మీ? పప్పు, కూర, సర్వపిండి..."

పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న మా అత్తమ్మ చెవులు సర్వపిండి దగ్గర నిలబడ్డాయి. "ఎవలే? మనుమరాలా? హీటరు గావాల్నంటనా? అటుక మీదున్నది, నా పాత చీరెల చుట్టిపెట్టిన. దించి పంపియ్యి." డెబ్బై దాటిన మనిషి. మతిమరుపు బాగా ఉంది. పొద్దున వేసుకున్న బీపీ గోళి మళ్ళీ వేసుకుంటానంటుంది. హీటరు ఎక్కడుందో మాత్రం మరిచిపోలేదు.

నేను మాత్రం ఆ హీటరు పేరు వినపడగానే పదహారేళ్ళ వెనక్కి పోయాను. మా బిడ్డకు ఆ రోజు గుర్తు లేదు. అప్పుడు దానికి మూడేళ్ళు. ఇన్నేళ్ళుగా దానికి చెప్పలేదు కూడా. జనగామలో మా అమ్మకైతే ఇప్పటికీ తెలియదు.

కొంచెం ముందు నుంచి చెప్తాను.

నేను జనగామ పిల్లను. మా ఇంట్లో కట్టెల పొయ్యి, పండక్కో పబ్బానికో గ్యాసుకు బదులు కిరసనాయిలు స్టవ్వు. 2002లో పెళ్ళై భూపాలపల్లి వచ్చేసరికి వంటింట్లో ఒక మూలకు నలుపలకల ఇనప డబ్బా, దాని మీద తెల్లటి పింగాణి ప్లేటు, ఆ ప్లేటులో పాము చుట్టలాగ తవ్విన కాలువ, కాలువ నిండా స్ప్రింగు తీగె. స్విచ్చు వేస్తే నిమిషంలో తీగె ఎర్రబడేది. ముగ్గు నిప్పంటుకున్నట్టు అనిపించి భయపడ్డాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ఉపమానాలకు కొదవ లేదు, వంటకే ధైర్యం లేదు.

అది మా మామ గోదావరిఖనిలో బొగ్గుబావిలో పని చేసే రోజుల్లో కొన్నది. బొగ్గుబావుల ఊళ్ళలో కాపురం చేసినవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. క్వార్టర్లలో కరెంటు బిల్లు రంది ఉండేది కాదు, ఇంటింటికీ హీటరే. చలికాలం సాయంత్రాల్లో ఏ వంటింట్లో చూసినా ఎర్రటి చుట్టలే. తర్వాత మామ భూపాలపల్లికి బదిలీ మీద వచ్చి, ఇక్కడే రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. మా ఆయనది కూడా బావి పనే. ఫస్ట్ షిఫ్టు ఉన్న వారం నేను తెల్లారి నాలుగున్నరకే లేచేదాన్ని. గ్యాసు ఉండేది గానీ బండ అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో నమ్మకం లేక, చుట్టాల కోసం దాచిపెట్టుకుని రోజువారీ వంట హీటరు మీదే చేసేవాళ్ళం. మా ఆయన తవ్వుకొచ్చిన బొగ్గే తిరిగి కరెంటై మా పొయ్యిలోకి వస్తుందని నవ్వుకునేవాళ్ళం. 2010లో మా పక్కన చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ ప్లాంటులో 500 మెగావాట్ల యూనిటు మొదలయ్యాక ఆ మాట నిజంగానే ఇంకా దగ్గరికి వచ్చింది.

అత్తమ్మ బడికి పోలేదు. కానీ ఆ హీటరు విషయంలో ఆమెకున్న శాస్త్రం నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. మొదటి రోజే చెప్పింది, "పిల్లా, ఇది పొయ్యి గాదు, పాము. ఆడిస్తే ఆడతది. మరిచినవో, కరుస్తది."

గురువారం రాత్రి వంటయ్యాక ప్లగ్గు పీకి హీటరును గూట్లో పెట్టేది. శుక్రవారం పొద్దున దాన్ని ముందు వేసుకుని కూర్చునేది. రంగులేసేవాళ్ళు పారేసిన పాత బ్రష్షు ఒకటి ఉండేది, వెంట్రుకలు సగం ఊడింది. దానితో కాలువల్లో పడ్డ ఉప్పు, పసుపు, మాడిన మెతుకులు పొడిగా ఊడ్చేది. నీళ్ళు తగలనిచ్చేది కాదు. తీగెను పైకి ఎత్తకుండా, వేలితో తోయకుండా, చంటిపిల్ల తల దువ్వినట్టు బ్రష్షు ఆడించేది. ఎక్కడన్నా గంజి ఎండి రాయిలాగ అంటుకుంటే పుల్లతో గీకేది, ఇనప చెంచాతో కాదు. ఇనుముతో గీకితే తీగె మీద గీతలు పడతాయి, గీత పడ్డ దగ్గర సన్నబడుతుంది, సన్నబడ్డ దగ్గరే ఎక్కువ కాలి తెగుతుంది. ఇది నేను తర్వాత అర్థం చేసుకున్నది. ఆమెకు మాత్రం 'ఇనుము ఇనుముకు పడది' అంతే. చివరికి డబ్బాను పొడిబట్టతో తుడిచి, అంచుకు పసుపు రాసి బొట్టు పెట్టేది. పొయ్యి కదా మరి. ఆ పసుపు ఆరేదాకా ప్లగ్గు జోలికి పోనిచ్చేది కాదు.

తీగె ఎప్పుడన్నా తెగేది. చుట్టుపక్కల ఇళ్ళలో తెగిన రెండు కొసలు కలిపి మెలేసి మళ్ళీ వండుకునేవాళ్ళు. అత్తమ్మ ఒప్పుకునేది కాదు. బజారుకు పోయి కొత్త కాయిలు తెచ్చేది. ఆ తీగె నికెల్, క్రోమియం కలిపి చేసే నిక్రోమ్. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన 1906లో దానికి పేటెంటు తీసుకున్నాడట, అది లేకపోతే మన ఇస్త్రీపెట్టె కూడా లేదు. గాలిలో ఎర్రగా కాలినా తొందరగా తుప్పుపట్టి రాలిపోదు, దాని గొప్పతనం అదే. కొత్త కాయిలు బాల్‌పెన్ను స్ప్రింగులాగ దగ్గరగా చుట్టుకుని ఉంటుంది. దాన్ని సాగదీసి కాలువంతా పరవాలి. ఎంత సాగదీయాలో ఎలా తెలుస్తుంది? అత్తమ్మ ముందు ఒక దారం తీసుకుని కాలువ వెంట చుట్టూ పరిచి, ఆ దారం పొడవు నేల మీద పెట్టి, దానికి సరిగ్గా కాయిలును రెండు కొసలూ పట్టి మెల్లగా లాగేది. ఒకచోట గుత్తంగా, ఒకచోట పలచగా ఉండకూడదు. గుత్తంగా ఉన్నచోట వేడి ఎక్కువై అక్కడే తెగుతుంది. ఎక్కువ సాగితే ఇంకా ప్రమాదం, కాలువలో ఇమడక పైకి ఉబ్బి గిన్నె అడుగుకు తగులుతుంది. అప్పుడు గిన్నెకే కరెంటు.

మెలేసి అతికిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. అతుకు దగ్గర వదులుగా ఉండి ఎర్రగా కాలి మళ్ళీ తెగుతుంది. అది ఒక సంగతి. రెండో సంగతి చాలామందికి తట్టదు. తెగిన ప్రతిసారీ తీగె కొంచెం పొట్టిదవుతుంది. పొట్టిదైతే కరెంటు తక్కువ లాగుతుంది అనుకుంటాం. ఉల్టా. పదో వంతు తీగె పోతే లాగే కరెంటు పదో వంతుకు పైగానే పెరుగుతుంది. అతికిన హీటరు "బాగా కాలుతున్నది" అని మురిసిపోయేది అందుకే. ఆ కాలేది హీటరు ఒక్కటే కాదు, గోడలో వైరు కూడా.

ఇంత జాగ్రత్త గల ఇంట్లోనే నాకు ఆ రోజు వచ్చింది.

2009, వానాకాలం. మూడు రోజులుగా ముసురు. వంటిల్లంతా చెమ్మ, అందులో నేను బట్టలు పిండి తడి కాళ్ళతో వచ్చాను. హీటరు మీద పాలు పెట్టి, బయట ఆరేసిన బట్టలు వానకు తడుస్తున్నాయని పరుగెత్తాను. వచ్చేసరికి పాలు పొంగి తీగెల మీద పడి సుయ్‌మని పొగ, మాడు వాసన. స్విచ్చు ఆపాను. ఆపాను, నాకు బాగా గుర్తు. టక్‌మన్న చప్పుడు కూడా గుర్తే. పాల గిన్నె పక్కన పెట్టి, అత్తమ్మ చూస్తే తిడుతుందని గబగబా తడిబట్ట తీసుకున్నాను. ఎడమ చేయి పక్కనున్న నల్లా మీద ఆనించి కుడిచేత్తో తుడవబోయాను.

తర్వాత ఏమైందో మాటల్లో చెప్పడం కష్టం. నొప్పి అని కూడా అనలేను. ఎవరో నన్ను లోపలి నుంచి పట్టుకుని గుంజినట్టు, పళ్ళు కొరుక్కున్నట్టు, అరుద్దామంటే గొంతు నాది కానట్టు. చేయి వెనక్కి రాలేదు. గడప దగ్గర మా బిడ్డ నిలబడి "మమ్మీ" అంది. నేను ఆడుతున్నాననుకుందో ఏమో, నవ్వుకుంటూ లోపలికి అడుగు వేసింది. అది నన్ను పట్టుకుంటే ఏమవుతుందో ఆ స్థితిలోనూ నాకు తెలుసు. నోరు పెగలలేదు.

అత్తమ్మ ముందు మనుమరాలిని జబ్బ పట్టి బయటికి ఈడ్చిపారేసింది. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చింది. నన్ను ముట్టుకోలేదు. తలుపు వెనకాల నిలబెట్టిన పొడి రోకలి తీసుకుని నా ముంజేతి మీద ఒక్క దెబ్బ వేసింది. చేయి ఊడింది, నేను వెనక్కి పడ్డాను. తర్వాత రోకలితోనే ప్లగ్గు వైరును కొట్టి పీకేసింది. అంతా అయ్యాక అక్కడే కూలబడి నన్ను ఒడిలోకి లాక్కుని, "ఎందుకు ముట్టుకున్నవే, ఎందుకు ముట్టుకున్నవే" అని ఏడ్చింది. నాకు తెలిసి మామ పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు.

ముంజేతి మీద రోకలి దెబ్బ పదిహేను రోజులు నల్లగా ఉంది. అందరికీ జారి పడ్డానని చెప్పాను. ఆ రోజు ఆస్పత్రికి పోలేదు, అది తప్పు. షాక్ కొట్టిన తర్వాత మనిషి లేచి తిరుగుతున్నా గుండె లయ తప్పొచ్చని, ఈసీజీ తీయించుకోవాలని ఇప్పుడు నా కూతురే నాకు పాఠం చెప్తోంది.

ఆ సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చి ఎలక్ట్రీషియన్‌ను పట్టుకొచ్చాడు. ఆయన స్విచ్చు ఆపి ఉంచి, ప్లగ్గు పెట్టి, తీగెకు టెస్టర్ ఆనించాడు. టెస్టర్ వెలిగింది. స్విచ్చు ఆపి ఉంది, టెస్టర్ వెలిగింది! మా ఇంటికి వైరింగు చేసినవాళ్ళు స్విచ్చును ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద కలిపారట. అలా కలిపినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, హీటరు కాలుతుంది, చల్లారుతుంది. ఏ తేడా కనపడదు. కానీ స్విచ్చు ఆపినప్పుడు తిరిగిపోయే దారి ఒక్కటే మూసుకుంటుంది, వచ్చే కరెంటు తీగె నిండా అలాగే నిలబడి ఉంటుంది. దానికి కావాల్సిందల్లా పోయేందుకు ఇంకో దారి. ఆ పూట ఆ దారి నేనే. కుడిచేయి తీగె మీద, ఎడమచేయి నల్లా మీద, మధ్యలో గుండె.

అత్తమ్మ ప్రతి గురువారం స్విచ్చు ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు ఎందుకు పీకేదో ఆ రోజు నాకు అర్థమైంది. ఆమెకు ఫేజూ న్యూట్రలూ తెలియవు. "స్విచ్చు గోడది, ప్లగ్గు నీది. గోడను నమ్మకు" అనేది.

ఇంకొక సంగతి కూడా ఆయన చూపించాడు. ప్లగ్గు మూడో పిన్ను, లావుది, బోర్డు వెనకాల దేనికీ కలపలేదు. ఇంటికి ఎర్తే లేదు. వారంలో పెరట్లో గుంత తవ్వించి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు కట్టించాం. ఎండాకాలం ఆ గుంతలో రోజు విడిచి రోజు ఒక బొక్కెన నీళ్ళు పోస్తాను, ఇప్పటికీ. అయితే ఎర్తు ఉంది కదా అని ధైర్యం పడొద్దు. ఇనప డబ్బాకు కరెంటు పాకితే ఎర్తు కాపాడుతుంది. బయటికే కనపడే తీగెను మనమే ముట్టుకుంటే ఎర్తు చేసేదేమీ లేదు. దానికి ఆర్‌సీసీబీ అని మెయిన్ బోర్డులో పెట్టేది ఉంటుంది. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపు మొత్తం కట్ చేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. దాని పని వైర్లు కాలకుండా చూడటం వరకే. ఇదీ అప్పుడే పెట్టించాం. నా మంగళసూత్రం గుండ్లు రెండు తక్కువ చేయించుకున్న ఖర్చు, బాధ లేదు.

హీటరు ఆ రోజుతో అటుక ఎక్కింది.

ఇప్పుడు దాన్ని దించమంటున్నారు అమ్మమ్మ వయసు అత్తమ్మ, పంతొమ్మిదేళ్ళ కూతురు. దించాను. చీరె విప్పితే ఆ బ్రష్షు కూడా అందులోనే ఉంది. వైరు మీద బట్ట తొడుగు చిట్లి పోయింది, ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉన్నాయి. పనికిరాదని నాకు కంటికే తెలిసింది. చెప్తే అత్తమ్మ మొహం చిన్నబోయింది. "మీ మామ కొన్నది. ఇన్నేండ్లు అందరి కడుపు నింపింది. ఇప్పుడు పనికిరాదా?" రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయనేమో "వైరు మార్పిస్తే అయిపాయె" అని మధ్యలో. మగవాళ్ళకు ప్రతి సమస్యా ఒక వైరు మార్పిస్తే తీరిపోతుంది.

మూడో రోజు పొద్దున చూస్తే ఆమే హీటరు ముందు వేసుకుని కూర్చుంది. పింగాణి ప్లేటును విప్పి చేతిలోకి తీసుకుని, అంగట్లో కుండను చూసినట్టు వేలి గోటితో కొట్టింది. ఖంగున మోగలేదు. బొద్దుగా పలికింది. తిప్పి చూస్తే అడుగున వెంట్రుకంత చీలిక, ఈ కాలువ నుంచి ఆ కాలువ దాకా. "పలిగింది" అంది. ఇంకేమీ అనలేదు. తనే కాయిలు ఊడదీసి నా చేతిలో పెట్టింది. అట్లా చీలిన దాంట్లో పాలో గంజో పొంగితే తడి అడుగు దాకా దిగి డబ్బాకు కరెంటు పాకుతుంది. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

మీలో చాలామంది ఇండక్షన్ కొనిస్తే అయిపోయేది కదా అంటారు. నిజమే, దాని మీద తీగె ఉండదు, పొంగినా గుడ్డతో తుడిస్తే పోతుంది. కానీ అడుగుకు అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలి. ఆ పిల్లల దగ్గరున్నవన్నీ అల్యూమినియం గిన్నెలు, పైగా మా దానికి నేనిచ్చిన మందపాటి సర్వ కూడా అదే. అందుకని హనుమకొండలో జి-కాయిల్ స్టవ్వు ఒకటి తీసుకున్నాను, ఐఎస్ఐ గుర్తు చూసి. ఇందులోనూ లోపల అదే నిక్రోమ్ తీగె. కానీ అది స్టీలు గొట్టం మధ్యలో ఉంటుంది, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. పైనున్న గొట్టం ముట్టుకుంటే కాలుతుంది గానీ, బాగున్నంత కాలం షాక్ కొట్టదు. 2000 వాట్లది చవకగానే వస్తుంది, 1250 వాట్లదే తీసుకున్నాను. ఎందుకంటే 2000 అంటే తొమ్మిది ఆంపియర్లకు దగ్గర. అద్దె గదుల సాకెట్ల సంగతి నాకు తెలుసు.

పర్కాల మీదుగా బస్సులో హనుమకొండ, వరంగల్ స్టేషన్ నుంచి రైల్లో నెక్కొండ, కేసముద్రం దాటి మానుకోట. సంచిలో స్టవ్వు, టెస్టర్, ఒక చెక్క పీట, అత్తమ్మ బ్రష్షు. బ్రష్షు ఆమే పెట్టింది.

అనుకున్నట్టే గదిలో ఉన్నది ఫోను చార్జింగు పెట్టుకునే చిన్న సాకెట్, ఆరు ఆంపియర్లది. 1250 వాట్లంటే ఐదున్నర ఆంపియర్లు, అంచు మీదే. దానికితోడు పక్కింటివాళ్ళు నీళ్ళ హీటరు వాడి వాడి ఆ సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు తిరిగింది. ప్లగ్గు పెడితే ఊగుతోంది. వదులు ప్లగ్గంటే లోపల నిప్పు రవ్వ అన్నట్టే. నేను కింద ఇంటామె దగ్గరికి పోయాను. ముందు కసురుకుంది. "ఇంతకుముందు ఉన్నోళ్ళు వండుకోలేదా, మీరొక్కలేనా" అంది. నేను వాదించలేదు. ముంజేయి చూపించి, రోకలి సంగతి చెప్పాను. బయటివాళ్ళకు ఆ కథ చెప్పడం అదే మొదటిసారి. మా బిడ్డ మెట్ల మీద నిలబడి వింటోందని నాకు తర్వాత తెలిసింది.

ఆమె కాసేపు ఊరుకుని, "సగం పైసలు మీరు పెట్టుకోండ్రి" అంది. పెట్టుకున్నాం. మీటరు బోర్డు నుంచి నాలుగు చదరపు మిల్లీమీటర్ల లావు వైరు వేరే లాగి, 16 ఆంపియర్ల సాకెట్, ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎలక్ట్రీషియన్ అయిపోయిందన్నాక నేనే టెస్టర్‌తో స్విచ్చు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూశాను. ఆయన నవ్వాడు. నవ్వనీ.

సాయంత్రం ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టాను. మొదటిసారి వేసినప్పుడు కాసేపు పొగ, వాసన వస్తాయి, భయపడొద్దు, కిటికీ తీసి ఉంచండి అన్నాను. పొంగితే ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాకే చేయి పెట్టాలి. ముందు పొడి బ్రష్షు, ఆ తర్వాత గట్టిగా పిండిన గుడ్డ. కింద పళ్ళెం ఊడి వస్తుంది, దాన్ని వేరుగా తీసి వంట సోడా ముద్ద రాసి అరగంట నాననిచ్చి కడిగి, ఎండలో ఆరబెట్టి పెట్టుకోవచ్చు. స్టవ్వును మాత్రం నల్లా కిందికి తీసుకుపోవద్దు, గొట్టం కొసల దగ్గర తడి చేరితే అది మళ్ళీ నానమ్మ హీటరే అవుతుంది. పాయసం, బెల్లం పాకం పొంగితే బద్ధకించొద్దు, ఆ రోజే తీయాలి, మాడిన చక్కెర గొట్టాన్ని తింటుంది. ఉప్పు కూడా అంతే. గొట్టం మీద బుడిపె లేచినా, చీలినా ఇక వాడొద్దు. పళ్ళెంలో అల్యూమినియం కాగితం పరవొద్దు. స్టవ్వు కన్నా బాగా పెద్ద గిన్నె పెట్టొద్దు, వేడి కిందికే తిరిగి వైర్లు మెత్తబడతాయి. ఆర్‌సీసీబీ మీద 'టి' అని చిన్న మీట ఉంది, నెలకోసారి నొక్కి చూడండి, పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వండేటప్పుడు చెప్పులు వేసుకుని పీట మీద నిలబడండి.

"మమ్మీ, రాసుకోవాల్నా?" అంది వాళ్ళలో ఒక పిల్ల. నర్సింగు పిల్లలు కదా, దేనికైనా నోట్సే.

ఆ రాత్రి వాళ్ళకు సర్వపిండి చేసిపెట్టాను. ఈ స్టవ్వుకు మంట తగ్గించడమంటే మీట తిప్పడమే, గ్యాసులాగ వెంటనే తగ్గదు, వేడి నిలిచి ఉంటుంది. అత్తమ్మ దానికి మీట కూడా లేని రోజుల్లోనే ఉపాయం కనిపెట్టింది. సర్వకు పిండి ఒత్తి నూనె పోసి మూత పెట్టి, అడుగు చిటపటలాడగానే ఆపేయడం. మిగిలిన వేడికే పైన మెత్తగా, అడుగున కరకరలాడుతూ వస్తుంది. వచ్చింది.

పడుకునేముందు మా బిడ్డ నా కుడిచేయి తీసుకుని ముంజేయి తిప్పి చూసింది. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. "నన్ను ఈడ్చిపారేసిందా నానమ్మ?" అంది. "జబ్బ పట్టి" అన్నాను. ఇంకేమీ అడగలేదు గానీ తెల్లారి నేను బయల్దేరుతుంటే నానమ్మకు ఇవ్వమని రెండు సర్వపిండి ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటికి వచ్చేసరికి మెత్తబడ్డాయి. అత్తమ్మ అవే తిని, "జర ఉప్పు తక్కువైంది" అంది.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోను.

"మమ్మీ, పాలు పొంగినయ్."

"ప్లగ్గు తీసినవా?"

"తీసిన."

"తుడిచినవా?"

"లేదు. ఇంకా చల్లారలే. ముగ్గురం బయట మెట్ల మీద కూసున్నం."